అమ్మ చేతిలో రెండు పలకలు

మా పావగడ తాలూకాను మ్యాపులో చూస్తే మీకు నవ్వొస్తుంది. తుమకూరు జిల్లాలోదే అయినా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. మా అమ్మ ఆ బడిలోనే ఏడో తరగతి దాకా చదివింది. డెబ్బై నాలుగేళ్ల వయసులోనూ కన్నడ దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలదు. మాట్లాడేది, తిట్టేది, దేవుణ్ణి వేడుకునేది మాత్రం తెలుగులోనే. ఆ తెలుగును ఆమె ఎన్నడూ కళ్లతో చదవలేదు. రాష్ట్రం వెలుపల ఉన్న మనలో ఇలాంటి ఇళ్లు ఎన్నో. మీదీ అందులో ఒకటి కావచ్చు.

పోయిన ఏడాది మా ఇంట్లో రెండు ఈ-బుక్ రీడర్లు చేరాయి. ఒకటి నేను బెంగళూరులో కొన్నది, ఆరంగుళాలది. రెండోది మా చెల్లెలు కెనడా నుంచి తెచ్చినది, ఏడంగుళాలది, పక్కన పేజీ తిప్పే బొత్తాలు రెండున్నాయి. కంపెనీల పేర్లు ఇక్కడ అనవసరం. ఏది మేలో తేల్చే పని అమ్మకే అప్పగించాము.

మరి చదవడానికి పుస్తకమేది? అమెజాన్ 2016లో కిండిల్ అంగడిలో ఐదు భారతీయ భాషలకు చోటిచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగూ లేదు, కన్నడమూ లేదు. ఇక కన్నడ లిపిలో తెలుగు పుస్తకం ఎవరు అమ్ముతారు? మేమే తయారు చేసుకున్నాము. యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్లు, ఆ వెంటనే కన్నడానికి 128 గళ్లు. అక్షరాల వరుస దాదాపు ఒకటే. తెలుగు ‘క’ను 128 గళ్లు ముందుకు జరిపితే కన్నడ ‘క’ అవుతుంది. అక్కచెల్లెళ్ల లిపులని పెద్దలు ఊరికే అనలేదు. అక్షరముఖ అనే ఉచిత సాధనం ఈ పని చిటికెలో చేస్తుంది. తెలుగు వికీసోర్సులోని వేమన పద్యాలను అలా మార్చి, ఈపబ్ ఫైలుగా కట్టి రెండింటిలోనూ వేశాను.

బెంగళూరుదానిలో ఒత్తులు వెంటనే సరిగ్గా కూర్చున్నాయి. కెనడాదానిలో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు! నోటో కన్నడ ఫాంటును కంప్యూటరు ద్వారా ఎక్కించాక సరిపోయింది. ఇంట్లో ఈ పని తెలిసిన మనిషి లేకపోతే ఆ పలక అక్కడే ఆగిపోయేది.

వెలుతురు విషయంలో రెండూ సమానమే. వీటి తెరలో సన్నని గుళికల్లో నలుపు, తెలుపు రేణువులుంటాయి. విద్యుత్తు తగిలి అవి పైకీ కిందికీ జరిగితే అక్షరం ఏర్పడుతుంది. ఎండలో ఫోనులా మసకబారదు, కాగితంలా తేటగా కనిపిస్తుంది. మా ఎండ సంగతి వేరే చెప్పాలా? తిరుమణి దగ్గర 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఊరికే పెట్టలేదు. అమ్మ మిట్టమధ్యాహ్నం పెరట్లో మంచం వేసుకుని చదివింది.

తేడా అంతా చేతుల్లో తేలింది. శెనక్కాయలు ఒలుస్తూ చదవడం ఆమె అలవాటు. దుమ్ము వేలితో తాకితే ఆరంగుళాలది ఒకసారి కదలదు, మరోసారి రెండు పేజీలు దాటుతుంది. బొత్తాలున్నదానికి ఆ బాధ లేదు. పైగా అక్షరాలు పెద్దవి చేసినా పద్యపాదం విరగదు. చిన్నదానిలో విరిగి కింది వరుసకు జారుతుంది. పద్యం అలా విరిగితే అమ్మకు కోపం.

మొదటి రోజు నాలుగు పద్యాలు గట్టిగా చదివి ఆగింది. “ఏమ్రా, ఇది మా నాయన చెప్తాండిన పద్యం కదా! ఇట్లా రాస్తారా దీన్ని?” అంది. వేమన సమాధి ఉన్న కటారుపల్లె కదిరి వైపే, మాకు పరాయి ఊరు కాదు. చదువురాని తాత నోట విన్న పద్యాలు ఆమెకు చాలా వచ్చు. చెవికి పట్టిన పాఠానికీ తెర మీది పాఠానికీ తేడా వచ్చిన చోటల్లా తెరదే తప్పని తీర్పు చెప్పింది. కొట్టిపారేయలేం. సి.పి. బ్రౌను 1829లో అచ్చు వేసేనాటికి ఆ పద్యాలకు ఎన్ని పాఠాంతరాలో!

తర్వాత కన్యాశుల్కం వేసిచ్చాను. విజయనగరం యాస కొంత తికమక పెట్టింది. “ఈ గిరీశం సగం ఇంగ్లీషే మాట్లాడతాడే” అని విసుక్కుంటూనే వారం రోజుల్లో ముగించింది.

చెల్లెలు తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ తన పలక అడిగింది. “శెనక్కాయలు ఎన్ని కావాలన్నా కట్టిస్తా. అది మాత్రం అడగొద్దు” అంది అమ్మ.