జైతూన్ చెట్లు లేని జైతూన్ షహర్

మొన్న మా బేటీ బడి నుంచి మొహం ముడుచుకుని వచ్చింది. రిజిస్టర్‌లో తన పేరు తప్పుగా ఎక్కిందట. హాజరు పిలిచినప్పుడల్లా పిల్లలు నవ్వుతున్నారట. "అబ్బా, నా పేరు మార్చేయండి. అందరికీ నోరు తిరిగేది పెట్టండి" అంది. మనసు చివుక్కుమంది. ఎంతో ముహబ్బత్‌తో పెట్టుకున్న నామ్ అది.

అట్లాస్ తీసి చైనా చూపించాను. సముద్రం ఒడ్డున చ్వాన్‌జౌ అనే షహర్ ఉంది. ఒకప్పుడు అక్కడ ఎర్రపూల ముళ్ళచెట్లు విరివిగా ఉండేవి. వాటిని చీనీలు 'త్స్‌తోంగ్' అనేవారు, ఊరికీ ఆ పేరే వచ్చింది. అరబ్ తాజిర్ల చెవికి అది 'జైతూన్' అని వినపడింది. ఖురాన్‌లో ఉన్న లఫ్జ్, నోటికి అలవాటైనది. 14వ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన ఇబ్న్ బతూతా, ఈ ఊళ్ళో జైతూన్ చెట్లే లేవు, ఉన్నది పేరు మాత్రమే అని తన సఫర్‌నామాలో చెప్పాడు. మార్కో పోలో కూడా ఆ పేరే వాడాడు. ఇంగ్లీషు 'శాటిన్' బట్ట పేరు ఆ ఊరి నుంచే వచ్చిందంటారు. హిజ్రీ 400లో కట్టినట్టు అరబ్బీ శాసనం చెప్పే మస్జిద్ ఇప్పటికీ అక్కడుంది.

మిగతా ఊళ్ళ కథా అంతే. గ్వాంగ్‌డోంగ్ అనే సూబా పేరు పోర్చుగీసుల నోట మారి, ఇంగ్లీషులో గ్వాంగ్‌జౌ షహర్‌కు 'కాంటన్' అయి కూర్చుంది. హాంగ్‌కాంగ్ అంటే ఖుష్బూల బందర్. అది మాత్రం అక్కడివాళ్ళ కాంటనీస్ తలఫ్ఫుజ్‌కు దగ్గరగానే నిలిచింది.

బేటీ కాసేపు ఆలోచించింది. "అయితే మనవాళ్ళూ పేరు తప్పు పలికారు కదా అబ్బా?"

జవాబు వెంటనే రాలేదు. "పలికారు బేటీ" అన్నాను.

"మరి చీనీలు ఊరుకున్నారా?"

ఊరుకోలేదు. 1979 నుంచి విదేశీ భాషల్లోనూ తమ పేర్లు తమ పద్ధతిలోనే రాయడం మొదలుపెట్టారు. మెల్లగా పెకింగ్ పోయి బీజింగ్ వచ్చింది. మత్లబ్ ఉత్తరపు రాజధాని. దునియా నోరు తిప్పుకుంది.

మర్నాడు బడికి దరఖాస్తు రాశాను. పేరు రాయాల్సిన చోట కలం తనే తీసుకుని, ఒక్కో అక్షరం పలుకుతూ రాసింది. పక్కన ఉర్దూలో కూడా. తర్వాత నా వైపు తిరిగి, "చ్వాన్‌జౌ సరిగ్గా ఎలా పలకాలి అబ్బా?" అని అడిగింది.

ఇద్దరం కూర్చుని నేర్చుకుంటున్నాం.