అడగకముందే ఆగుదాం: అమెరికా కారు ప్రయాణాల్లో పెద్దల ఆరోగ్యం



ఒకప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి దుబాయికి, మస్కట్‌కు పిల్లలు మాత్రమే వెళ్లేవారు. తల్లిదండ్రులు ఇంటి వద్దనే ఉండి ఉత్తరాల కోసం ఎదురుచూసేవారు. నేడు అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు తల్లిదండ్రులే ప్రయాణమవుతున్నారు. వేసవి దగ్గర పడగానే సకినాలు, పచ్చళ్లు, ఆరు నెలల మందులు పెట్టెల్లోకి చేరుతాయి. విమానంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలని నన్ను చాలామంది అడుగుతారు. అక్కడికి చేరిన తరువాత పిల్లలు తలపెట్టే సుదీర్ఘమైన కారు ప్రయాణాల గురించి మాత్రం దాదాపు ఎవరూ అడగరు. విమానం ఒక రోజుతో ముగుస్తుంది. కారు ప్రయాణం వారం రోజులు సాగవచ్చు. అందుకే ఈ వ్యాసం.

మా మనవడికి బేస్‌బాల్ అంటే ప్రాణం. ఈసారి సెలవుల్లో నానమ్మను, తాతయ్యను వెంటబెట్టుకుని వరుసగా స్టేడియాలు చూపించాలని వాడి కోరిక. మనకు ఇది వింతగా తోచవచ్చు గానీ, అక్కడి కుటుంబాల్లో ఇది బాగా అలవాటున్న యాత్రే. వారి ప్రధాన లీగులో 30 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టు ఏటా 162 ఆటలు ఆడుతుంది. అందులో సగం, అంటే 81, సొంత మైదానంలోనే. కాబట్టి వేసవిలో దాదాపు ప్రతిరోజూ ఏదో ఒక నగరంలో ఆట ఉంటుంది. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ 1912లో, షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ 1914లో ప్రారంభమయ్యాయి. మనం ధర్మపురి, వేములవాడ, కొండగట్టు కలిపి ఒకే యాత్రగా చేసినట్లే, వారు ఈ మైదానాలను వరుసగా దర్శించి వస్తారు.

ఆ ప్రణాళిక మొదటి ప్రతిని కొడుకు నాకు పంపించాడు. డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో ఆట చూసి, అక్కడి నుండి కాన్సాస్ సిటీకి దాదాపు 550 మైళ్లు. ఆపై సెయింట్ లూయిస్‌కు 250, షికాగోకు 300, మిల్వాకీకి 90. మొత్తం సుమారు 1,900 కిలోమీటర్లు. ఆటల తేదీలు, హోటళ్లు, టికెట్ల ధరలు అన్నీ పట్టిక కట్టి ఉన్నాయి. కారు ఎక్కడెక్కడ ఆగుతుందన్నది మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేదు. "అవసరమైనప్పుడు అడిగితే ఆపుతాం నాన్నా" అన్నాడు కొడుకు. ప్రేమతో అన్న మాటే. కానీ ఆ ఒక్క వాక్యంలోనే అసలు చిక్కు దాగి ఉన్నది.

ఎందుకంటే మన పెద్దలు అడగరు.

మా ప్రాంతపు తల్లులను తలచుకోండి. ఎందరో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లలను చదివించినవారు. వేయి బీడీలకు ఇంత అని కూలి లెక్క. లేస్తే చేతి పని ఆగుతుంది గనుక దాహాన్ని, మూత్రాన్ని, నడుము నొప్పిని ఓర్చుకోవడం వారికి అలవాటయింది. ఆ ఓర్పే అమెరికాలో కొడుకు కారులోనూ కొనసాగుతుంది. కొడుకు ఏకాగ్రతతో బండి నడుపుతున్నాడు, కోడలు అలసి నిద్రపోతున్నది, మనవడు ఆట సమయానికి చేరాలని ఆత్రపడుతున్నాడు. వీరిని ఎట్లా ఆపమనడం అనుకుంటారు. ఆపమనే అవసరమే రాకుండా ఉదయం నుండి నీళ్లు తాగడం మానేస్తారు. మందులు వేసుకుంటే మూత్రం ఎక్కువవుతుందని ఆ పూటకు బీపీ మాత్రనూ పక్కన పెడతారు. ఎట్లా ఉన్నావని అడిగితే "నాకేమైంది, మంచిగున్న" అంటారు. ఈ మొహమాటానికి వైద్య గ్రంథాల్లో పేరు లేదు. దాని ఫలితాలకు మాత్రం పేర్లున్నాయి.

మొదటిది నీటి కొరత. వయసు పెరిగిన కొద్దీ దాహం తెలియడం మందగిస్తుంది. దానికి తోడు నీళ్లు తాగడం మానేస్తే మలబద్ధకం, లేవగానే కళ్లు తిరగడం, మూత్రపిండాలపై భారం మొదలవుతాయి. రెండవది మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం. మహిళల్లో, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, ఇది మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు దారితీయవచ్చు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పురుషుల్లో ఒక్కొక్కసారి మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. మూడవది అన్నింటికంటే గుట్టుగా వచ్చేది: కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం.

సిరిసిల్లలో గుంట మగ్గం మీద కూర్చున్న నేతన్నను గమనించినవారికి ఒక సంగతి తెలుస్తుంది. ఆయన గంటల కొద్దీ కూర్చునే ఉంటాడు గానీ కాళ్లు తొక్కుడు పలకల మీద ఆడుతూనే ఉంటాయి. అట్లా పాదం కదిలినప్పుడల్లా పిక్క కండరాలు బిగిసి, సిరల్లోని రక్తాన్ని పైకి, గుండె వైపు తోస్తాయి. అందుకే పిక్కను రెండవ గుండె అంటారు. కారు వెనుక సీటులో మోకాళ్లు మడిచి కదలక కూర్చున్నవారిలో ఈ పంపు పనిచేయదు. రక్తం నిలిచి, ఒక్కొక్కసారి గడ్డకడుతుంది. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడితే ప్రాణాపాయం.

ఇది కొత్తగా తెలిసిన విషయం కాదు. 1940లో లండన్‌పై బాంబులు కురుస్తున్నప్పుడు, ఆశ్రయ గృహాల్లో రాత్రంతా మడతకుర్చీల్లో కూర్చున్నవారిలో కొందరు ఇట్లా హఠాత్తుగా మరణించడాన్ని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గుర్తించారు. 1954లో జాన్ హోమన్స్ అనే బోస్టన్ శస్త్రవైద్యుడు విమానంలో, కారులో, చివరకు నాటకశాలలో ఎక్కువసేపు కూర్చున్నవారిలోనూ కాలి సిరల్లో గడ్డలు ఏర్పడ్డాయని రాశారు. నాలుగు గంటలు, అంతకు మించి కదలక కూర్చుని చేసే ప్రయాణం తరువాత ఈ ముప్పు సుమారు రెండింతలవుతుందని, ఇది విమానానికే కాక కారు, బస్సు, రైలుకూ వర్తిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. భయపడవలసిన పని లేదు. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు ఆరు వేల మందిలో ఒకరికి మాత్రమే వచ్చే ప్రమాదం. అయితే గతంలో గడ్డలు కట్టినవారికి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, ఇటీవల తుంటి లేదా మోకాలి శస్త్రచికిత్స జరిగినవారికి, స్థూలకాయులకు ముప్పు ఎక్కువ. వారు బయలుదేరే ముందు తమ వైద్యుని తప్పక సంప్రదించాలి. బిగుతు మేజోళ్లు గానీ, రక్తం పలుచబరిచే మందులు గానీ ఆయన చెబితేనే వాడాలి. ఎవరో చెప్పారని సొంతంగా ఆస్పిరిన్ మింగకూడదు.

ఈ కారణాల చేత మా ప్రణాళికను తిరగరాశాం. విమానంలో బోస్టన్ చేరి, అక్కడి నుండి కారులో న్యూయార్క్‌కు సుమారు 215 మైళ్లు, ఫిలడెల్ఫియాకు 95, బాల్టిమోర్‌కు 100, వాషింగ్టన్‌కు 40. మొత్తం 450 మైళ్లు, అంటే 720 కిలోమీటర్లు. న్యూయార్క్‌లో రెండు స్టేడియాలు ఉన్నాయి గనుక ఐదు నగరాల్లో ఆరు మైదానాలు చూడవచ్చు. అన్నింటిలో పొడవైన మజిలీ జగిత్యాల నుండి హైదరాబాద్ వెళ్లి, తిరుగుదారిలో సిద్దిపేట దాటినంత దూరం. మనవడికి షికాగో తప్పిపోయింది గానీ, ఆ లెక్కన ఒక స్టేడియం ఎక్కువే వచ్చింది.

దూరం తగ్గినంత మాత్రాన మొహమాటం తగ్గదు. కాబట్టి పట్టికలో మరొక వరుస చేర్చాం: ప్రతి రెండు గంటలకు ఒకసారి, ఎవరు అడిగినా అడగకపోయినా, కారు ఆగుతుంది. అందరూ దిగుతారు. ఐదు నుండి పది నిమిషాలు నడుస్తారు. మరుగుదొడ్డికి వెళ్లి వచ్చి నీళ్లు తాగుతారు. ఈ విరామాన్ని ప్రకటించే బాధ్యత మనవడికి అప్పగించాం. నానమ్మ కోసం ఆపుతున్నామని అంటే ఆమె వద్దంటుంది. అందరికీ నియమమంటే ఆమె కూడా మారుమాట లేకుండా దిగుతుంది. నడుమ కారులో కూర్చున్నప్పుడు కూడా మడమ ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి, ఇట్లా ఇరవై సార్లు చేస్తూ ఉండాలి.

ఈ ఆటలోనే అటువంటి నియమం ఒకటి ఉండడం నాకు ఆనందం కలిగించింది. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. ఏడవ ఇన్నింగ్స్ నడుమ ప్రేక్షకులంతా లేచి నిలబడి, ఒళ్లు విరుచుకుని పాట పాడుతారు. అది వారి సంప్రదాయం. ఇదివరకు సగటు ఆట మూడు గంటలు దాటేది. బంతి విసరడానికి కాలపరిమితి పెట్టిన 2023 సీజన్‌లో అది సుమారు 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. అయినా కుర్చీకి అతుక్కుని కూర్చోవడానికి అది ఎక్కువే. ఏడవ ఇన్నింగ్స్ దాకా వేచి ఉండక, మూడవ, ఐదవ ఇన్నింగ్స్ తరువాత కూడా లేచి నాలుగడుగులు వేయండి.

సీట్లు ఎంచుకునేటప్పుడు చౌకగా దొరికాయని పై అంతస్తులు తీసుకోవద్దు. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు దిగేటప్పుడు తూలిపడే ప్రమాదం ఉన్నది. దారి పక్క సీట్లు, నీడ పడే సీట్లు మేలు. చక్రాల కుర్చీ వాడేవారికి తగిన సీట్లు కల్పించాలని అక్కడ 1990 నాటి చట్టమే ఉన్నది. టికెట్ కొనేటప్పుడే అడగాలి. బంతి వేగంగా జనంలోకి దూసుకువస్తుంది గనుక రక్తం పలుచబరిచే మందులు వాడేవారు రక్షణ వల వెనుకనే కూర్చోవాలి. వీలైతే పగటి ఎండలో ఆటలు మాని సాయంత్రపు ఆటలు ఎంచుకోండి. రాత్రి ఆట ముగిశాక మాత్రం మరో ఊరికి బయలుదేరవద్దు. అలసిన కొడుకు నిద్రమత్తులో బండి నడపడం ఈ వ్యాసంలో చెప్పిన అన్ని ముప్పుల కంటే పెద్ద ముప్పు.

షుగర్ ఉన్నవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. వాన పడితే ఆట గంటా రెండు గంటలు ఆగిపోవచ్చు. గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకున్నవారు, ఇన్సులిన్ తీసుకున్నవారు సమయానికి తినకపోతే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే వెంటనే చక్కెర లేదా పండ్లరసం ఇవ్వాలి. అందువల్ల చేతిసంచిలో బిస్కెట్లు, గ్లూకోజ్ ఉండాలి. వైద్య అవసరాల సంచికి లోపల అనుమతి ఉంటుందో, ఏ షరతులు ఉన్నాయో ఆయా స్టేడియం వెబ్‌సైట్‌లో ముందుగా చూసుకోండి. ఇన్సులిన్‌ను ఆగిన కారులో వదలవద్దు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే సుమారు 11 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. మంచుగడ్డకు నేరుగా తగిలించి గడ్డకట్టించినా ఇన్సులిన్ పనికిరాదు.

స్టేడియంలో దొరికే హాట్ డాగ్ సాధారణంగా గొడ్డు మాంసంతో లేదా పంది మాంసంతో చేస్తారు. తినని వారు తెలుసుకుని ఉండాలి. ఉప్పు కూడా అందులో అధికం. వారి సంప్రదాయ చిరుతిండి మన పల్లీలే. ఉప్పు లేనివి అడిగి, గుప్పెడు తినవచ్చు. పెద్ద గ్లాసుల్లో ఇచ్చే తీపి పానీయాలు షుగర్ ఉన్నవారికి విషంతో సమానం. నీళ్లే తాగండి.

మందుల చీటీలో కంపెనీ పేర్లు కాక, మందు అసలు పేర్లు రాయించుకోండి. మన పారాసిటమాల్‌ను అక్కడ అసిటమినోఫెన్ అంటారు. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్‌ను అల్బుటెరాల్ అంటారు. మన 108 వంటిది అక్కడ 911. ప్రయాణ బీమా పాతరోగాలకు ఎంతవరకు వర్తిస్తుందో కొనేముందే చదవాలి. కారు ప్రయాణం తరువాత ఒక్క కాలే వాచినా, పిక్క నొప్పి పెట్టినా, అకస్మాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లవారే దాకా ఆగవద్దు. ఆసుపత్రి ఖర్చుకు జంకి తల్లిదండ్రులు ఈ లక్షణాలను దాచిపెడతారు. అందుకని బయలుదేరే ముందే కూర్చోబెట్టి చెప్పండి.

అమెరికాలో ఉన్న బిడ్డలారా, మీ అమ్మానాన్నలకు ఫెన్‌వే పార్క్ ఎంత పాతదో, ఎవరు గెలిచారో గుర్తుండకపోవచ్చు. మీరు వెంట తీసుకుపోయారన్నది గుర్తుంటుంది. ఈ వేసవి పట్టిక రాసేటప్పుడు ఆటల తేదీల పక్కనే కారు ఆగే వేళలు కూడా రాయండి. పెద్దలారా, మీకు ఒక్కటే మనవి: బయలుదేరే ఉదయం మాత్ర మానవద్దు, నీళ్లు మానవద్దు. క్షేమంగా వెళ్లి, సంతోషంగా తిరిగి రండి.