రాత మీదే బతుకు

నెలజీతం లేకుండా రాత మీదే బతికేవాళ్లకి ఒకటో తారీఖు అంటూ ఏదీ ఉండదు. యాడ్ ఏజెన్సీకి అనువాదం, డబ్బింగ్ డైలాగులు, సబ్‌టైటిల్స్, ఎవరిదో ఆత్మకథ... ఏది వస్తే అది రాయడమే. ఎన్నికలప్పుడూ, దసరా దీపావళి ముందూ ఊపిరి సలపదు. ఆ సందడి అయ్యాక ఫోన్ మోగదు.

పని లేకపోవడం కన్నా, చేసిన పనికి డబ్బు అడుక్కోవాల్సి రావడమే ప్రాణం తీస్తుంది. "పొద్దున్నకల్లా కావాలండీ, ప్లీజ్" అన్న గొంతే బిల్లు పంపాక "అకౌంట్స్‌లో ఉందండీ" అంటుంది. రాత్రంతా కూర్చుని రాసిన యాడ్ టీవీలో వచ్చి వెళ్లిపోతుంది, డబ్బు మాత్రం రాదు. వచ్చినప్పుడు టీడీఎస్ 10 శాతం కోతపడి వస్తుంది.

అయినా ఈ పనంటే నాకు ప్రాణం. మొన్న సిటీ బస్సులో ఇద్దరు అమ్మాయిలు నేను రాసిన డైలాగు చెప్పుకుని పగలబడి నవ్వారు. ఎవరు రాశారో వాళ్లకి తెలీదు. నాకు కడుపు నిండిపోయింది. శ్రీశ్రీ అంతటివాడు 1950లో ‘ఆహుతి’ సినిమాకి డబ్బింగ్ రాశాడు. పొట్టకోసం రాసే రాత తక్కువదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కొత్తగా వస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేటు మెయిల్‌లో రాయించుకోండి. అడ్వాన్స్ అడగండి. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఎక్కువ గడువు ఉన్నా సరే 45 రోజులు దాటితే పని చేయించుకున్నవాళ్లు వడ్డీతో కట్టాలి.

పని ఇచ్చే పెద్దలకి ఒక్క మాట. రాసినవాళ్ల డబ్బు ఆపకండి. వాళ్ల ఇంటద్దె ఆగదు.