పైకి బాణం నొక్కితే పాత వరుస

మా సాంఘిక సంక్షేమ వసతి గృహంలో కంప్యూటర్లు నాలుగు. పైథాన్ నేర్చుకుంటామని పేర్లు ఇచ్చినవాళ్లం 24 మందిమి. ఒక్కో జట్టుకు రోజుకు 40 నిమిషాలు. మాలో చాలామందిమి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లం. ఇంగ్లీషు అక్షరాలను కీబోర్డు మీద వెతుక్కుంటూ కొట్టే మాకు సమయమే పెద్ద ఆస్తి. ఆ సమయాన్ని కాపాడిన ఒక చిన్న కీ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాం.

పైథాన్‌లో ఒక వరుస కొట్టి ఎంటర్ నొక్కితే జవాబు వెంటనే తెర మీదికి వస్తుంది. 17వ ఎక్కం మొత్తం ఒక్క వరుసతో రప్పించవచ్చు. ఆ వరుసలో ఖాళీలతో కలిపి 35 అక్షరాలుంటాయి. ‘రేంజ్’ అనే మాటలో రెండు అక్షరాలు తారుమారైతే చాలు, ఆ పేరు తెలియదని పైథాన్ అంటుంది. అప్పుడు పైకి బాణం కీ నొక్కితే పాత వరుస తిరిగి రావాలి. ఆ రెండు అక్షరాలు దిద్దుకుంటే సరిపోవాలి.

మా కంప్యూటర్లలో అలా రాలేదు. బాణం నొక్కితే ఒక టోపీ గుర్తు, రెండు చదరపు బ్రాకెట్లు, చివర పెద్ద ‘ఏ’ అక్షరం పడేవి. ఎడమ బాణానికైతే చివర ‘డి’ పడేది. ఇక 35 అక్షరాలూ మళ్లీ కొట్టడమే. తెర మీద తెలియని గుర్తు కనిపిస్తే మాలాంటి వాళ్లం చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ‘ఇది మనకు రాదులే’ అనుకుంటాం. ఇద్దరు మిత్రులు ఆ వారంలోనే జట్టు మానేస్తామన్నారు.

అసలు సంగతి ఏమిటంటే, బాణం కీ నొక్కినప్పుడు పైథాన్‌కు అందేది ఒక అక్షరం కాదు, ఒక సంకేతం. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్ పంపిన సంకేతాన్నే నేటి టెర్మినల్ కిటికీలూ పంపుతున్నాయి. దాన్ని చదివి ‘పాత వరుస చూపించు’ అని అర్థం చేసుకునే పని రీడ్‌లైన్ అనే లైబ్రరీది. బ్రయాన్ ఫాక్స్ మొదలుపెట్టిన ఆ లైబ్రరీని చాలా ఏళ్లుగా చెట్ రామీ చూసుకుంటున్నారు. బాష్ షెల్‌లో అది ఉంటుంది. అందుకే షెల్‌లో బాణం పనిచేసేది, పైథాన్‌లోకి వెళ్లగానే ఆగిపోయేది. అంటే కీబోర్డు బాగానే ఉంది, మా వేళ్లూ బాగానే ఉన్నాయి. లోపం మధ్యలో లేని ఆ ఒక్క భాగానిది.

పైథాన్‌లో ‘ఇంపోర్ట్ రీడ్‌లైన్’ అని కొట్టి చూశాం. అలాంటి మాడ్యూల్ లేదని వచ్చింది. ఆ పైథాన్‌ను సోర్సు కోడ్ నుంచి తయారుచేసి పెట్టారు. ఆ సమయంలో ఉబుంటులో ‘లిబ్‌రీడ్‌లైన్-డెవ్’ అనే ప్యాకేజీ లేకపోతే పైథాన్ తయారవుతుంది గాని రీడ్‌లైన్ లేకుండానే తయారవుతుంది. మా కంప్యూటర్ సారు ఆ ప్యాకేజీ ఎక్కించారు. అది ఒక్కటే చాలదు, పైథాన్‌ను మళ్లీ తయారుచేయాలి. అదీ చేశాక బాణం పలికింది.

ఓకామల్ వంటి భాషల సంభాషణ తెరలో ఈ సౌకర్యం మొదటి నుంచీ ఉండదు. అక్కడ హాన్స్ లుబ్ రాసిన ‘ఆర్‌ఎల్‌రాప్’ పనికొస్తుంది. ‘ఆర్‌ఎల్‌రాప్ ఓకామల్’ అని మొదలుపెడితే చాలు, ఓకామల్ చుట్టూ రీడ్‌లైన్‌ను తొడిగినట్లవుతుంది. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లోనైతే కొత్త తెర ఉంది. అందులో బాణం నొక్కితే నాలుగైదు వరుసల ఫంక్షన్ కూడా మొత్తంగా ఒకేసారి వస్తుంది.

ఇంకో మేలు కూడా జరిగింది. పైథాన్ నుంచి బయటికి వచ్చేటప్పుడు మనం కొట్టిన వరుసలు హోమ్ ఫోల్డర్‌లో ఒక దాపు ఫైలులోకి చేరతాయి. మా అందరికీ ఒకే లాగిన్ కాబట్టి ముందు జట్టు కొట్టిన వరుసలు తర్వాతి జట్టుకు బాణంతో దొరుకుతున్నాయి. ఒకరు కష్టపడి సరిచేసిన వరుస ఇంకొకరికి పాఠమవుతోంది. అందుకే పాస్‌వర్డులు మాత్రం అక్కడ కొట్టవద్దని ఒక నియమం పెట్టుకున్నాం. మానేస్తామన్న మిత్రులిద్దరూ ఇప్పుడు మూడో జట్టులో ఉన్నారు.

తమ్ముళ్లారా! రేపు మీరు ఏ కాలేజీ ల్యాబులో కూర్చున్నా తెర మీద వింత గుర్తులు పడితే వెంటనే ‘నాకు రాదు’ అనుకోకండి. అదే కీని ముందు షెల్‌లో నొక్కి చూడండి. అక్కడ పనిచేసి ఇక్కడ పనిచేయకపోతే లేనిది మీ తెలివి కాదు, ఒక ప్యాకేజీ. దాని పేరు తెలుసుకుని, సారు దగ్గరికి వెళ్లి ధైర్యంగా అడగండి.