తిథి తప్పితే దొరకడు

మా వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే క్యాలెండర్ మూడేళ్ల కిందటి దాకా పూర్తిగా మా ఆవిడది. పాలు పోయించుకోని రోజులు, గ్యాస్ బండ వచ్చిన తేదీ, చీటీ కట్టాల్సిన తారీఖు, అన్నీ దాని మీదే. ఇప్పుడు అక్కడక్కడ నా పెన్సిల్ గుర్తులు కూడా పడుతున్నాయి. శుద్ధ షష్ఠి చుట్టూ సున్నా, నవమి కింద గీత, దశమి పక్కన చుక్క. మొన్న మా వియ్యపురాలు వచ్చి చూసి, "వదినా, అన్నయ్య ఇన్ని ఉపవాసాలు ఎప్పటిసంది ఉంటున్నరు?" అని అడిగింది. మా ఆవిడ నవ్వి ఊరుకుంది. అవి అన్నం చల్లారబెట్టి నేను మేడ మీద కూర్చునే రోజులని చెబితే ఇంకెన్ని ప్రశ్నలు వస్తాయో ఆమెకు తెలుసు.

రిటైరైన ఏడు టెలిస్కోప్ కొన్నాను. నాలుగున్నర అంగుళాల అద్దం. పెట్టె మీద 675 రెట్లు అని పెద్ద అక్షరాలతో అచ్చేశారు. అమ్మినాయన ఆ అంకెను రెండుసార్లు చదివి వినిపించాడు. ఇంటికి తెచ్చిన రాత్రి పౌర్ణమి. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా అనుకుని, ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది చేసి చూపే కటకం పెట్టి చూశాను. ఇస్త్రీ చేయని తెల్లపంచె గాలికి ఊగినట్టు ఏదో కదిలింది. అంతే.

ఆ రాత్రి చేసిన తప్పులు రెండు. మొదటిది ఆ అంకెను నమ్మడం. అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపు దాకానే ఏ టెలిస్కోప్ అయినా పనికొస్తుంది. నా 114 మిల్లీమీటర్ల అద్దానికి 228 రెట్లు హద్దు. మా ఊరి గాలిలో 150 దాటితే చంద్రుడు నీళ్లలో పడ్డ రూపాయి బిళ్లే. రెండో తప్పు పౌర్ణమి. కవులకు, కార్తీక దీపాలకు ఆ రోజు గొప్పదే కానీ టెలిస్కోపుకు అంతకన్నా పనికిమాలిన రాత్రి లేదు. సూర్యుడు మన వీపు వెనక నుంచి చంద్రుడి ముఖం మీద సూటిగా కొడతాడు. నీడలుండవు. నీడ లేనిదే కొండ లేదు, గుంట లేదు. నడి మధ్యాహ్నం తార్ రోడ్డు మీద గతుకు కనబడనట్టే.

చంద్రుడిలో చూడాల్సిందంతా వెలుగూ చీకటీ కలిసే అంచున ఉంటుంది. శుక్లపక్షంలో ఆ అంచు అక్కడి పొద్దుపొడుపు గీత. దాని పక్కనున్న నేల మీద ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక చిన్న మిట్ట కూడా బారెడు నీడ పరుస్తుంది. 1609లో గెలీలియో పట్టుకున్నది ఈ నీడలనే. ఇంకా చీకట్లో ఉన్న చోట విడిగా మెరిసే చుక్కలు ఎండ తగిలిన కొండకొనలని గ్రహించి, వాటి ఎత్తు లెక్క కట్టాడు.

ఈ పొద్దుపొడుపు గీత చంద్రుడి నడుము దగ్గర గంటకు దాదాపు 15 కిలోమీటర్లు నడుస్తుంది. శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్స్ నుంచి మా నాయిన డ్యూటీకి సైకిల్ తొక్కిన వేగం సుమారుగా అంతే. అందుకే ఈ రాత్రి చూసింది రేపటికి ఉండదు. రేపటిది ఇవాళ ఉండదు. మరి ఏ రాత్రి ఏది? పుస్తకాలున్నాయి, ఫోన్ యాప్‌లున్నాయి. నేను వాటితోనే మొదలుపెట్టాను. ఒక నాడు యాప్ చూపిన అంకెనూ తలుపు వెనక క్యాలెండర్‌నూ పక్కపక్కన పెట్టి చూసేసరికి నా మీద నాకే నవ్వొచ్చింది.

తిథి అంటే ఏమిటి? చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే కాలం. అంతే దాని నిర్వచనం. సూర్యుడి నుంచి ఎంత దూరం జరిగాడన్నదే పొద్దుపొడుపు గీత ఎక్కడ నిలిచిందో చెప్పేది కూడా. అంటే పంచాంగకర్తలు శ్రాద్ధాల కోసం, వ్రతాల కోసం వందల ఏళ్లుగా గుణించి పెడుతున్నది అచ్చంగా టెలిస్కోపువాడికి కావలసిన పట్టికే. తదియ నాడు సంక్షోభ సముద్రమనే మైదానం. పంచమికి ఆర్యభట పేరు పెట్టిన చిన్న బిలం, సగం లావాలో మునిగి. షష్ఠికి థియోఫిలస్, 100 కిలోమీటర్ల గిన్నె, నడిమధ్య కొండ. దశమి మొదట్లో కోపర్నికస్‌కు తెల్లవారుతుంది. దాని వెడల్పు 93 కిలోమీటర్లు. ఇక్కడ దించితే నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, కామారెడ్డి నాలుగూ ఒకే ప్రహరీ లోపల పడతాయి. కృష్ణపక్షంలో ఇవే చోట్ల అవే తిథులకు పొద్దు గూకుతుంది. శుద్ధ షష్ఠికి తెల్లవారిన థియోఫిలస్‌కు బహుళ షష్ఠికి సాయంత్రం. కాకపోతే అది చూడాలంటే అర్ధరాత్రి దాటాక లేవాలి.

ఒక చిక్కుంది. క్యాలెండర్‌లో తారీఖు కింద రాసేది సూర్యోదయం నాటి తిథి. మనం చూసేది సాయంత్రం. సప్తమి అని రాసి ఉన్నా అది మధ్యాహ్నం దాకానే అయితే మేడ ఎక్కేసరికి నడిచేది అష్టమి. 'వరకు', 'తదుపరి' అనే చిన్నక్షరాలు చదవకుండా నేను పోగొట్టుకున్న రాత్రులు చాలా ఉన్నాయి. పైగా చంద్రుడు మనకేసి కాస్త తల ఊపుతుంటాడు. ఆ ఊపు వల్లనే అతని ఒంటిలో సగం కాక 59 శాతం దాకా మన కంటబడుతుంది. ఆ ఊపుకే తిథి లెక్క కూడా కొన్ని గంటలు అటూ ఇటూ అవుతుంది. పంచాంగంలో లేనిది అదొక్కటే.

నక్షత్రం కూడా పనికొస్తుందని తర్వాత తెలిసింది. శ్రీరామనవమి నాటి చంద్రుడు పునర్వసు, పుష్యమిల దగ్గర ఉంటాడు. మన ఊరి అక్షాంశానికి ఆ ప్రాంతం దాదాపు నడినెత్తిన పోతుంది. పొద్దు గూకే వేళకు చంద్రుడు ఇంచుమించు మాడు మీద. కన్ను ఆనించే చోటు పక్కనుండే అద్దం టెలిస్కోప్ కాబట్టి బతికిపోయాను. గొట్టం కింద నుంచి చూసేదైతే మెడకు జండూబామ్ తప్పదు. అదే దసరా రోజుల్లో మూల నక్షత్రం నాడు, బాసరలో అక్షరాభ్యాసాలకు జనం కిక్కిరిసిన సాయంత్రం, చంద్రుడు దక్షిణాన సగం ఎత్తుకే ఆగిపోతాడు. ఎదురింటివాళ్ల నీళ్ల ట్యాంక్ అడ్డు.

ఆ రామనవమి సంగతే ఇంకాస్త చెప్పాలి. నవమి మొదలైన కొద్ది గంటలకే మేఘ సముద్రమనే నల్లటి మైదానంలో ఒక గీత తేలుతుంది. నిట్టనిలువు గోడ అని పేరు. 110 కిలోమీటర్ల పొడవు, పావు కిలోమీటరు ఎత్తు. నిజానికి గోడ కాదు, ఏటవాలు గట్టు. పొద్దున్నే పడే నీడ దాన్ని గోడను చేస్తుంది. శుద్ధ నవమికి నల్లగీత, ఎండ ఆవలి వైపు నుంచి పడే బహుళ నవమికి తెల్లగీత. ప్రతి శుద్ధ నవమికీ ఉండేదే అయినా చైత్రంలో చంద్రుడు నడినెత్తిన ఉంటాడు కనుక గాలి అడ్డు తక్కువ. ఆ సాయంత్రం మా నిజామాబాద్ ఖిల్లా మీది రఘునాథాలయం నుంచి మైకులో కల్యాణం మంత్రాలు. ఒకప్పుడు ఆ ఖిల్లా జైలు. కవి దాశరథి దాని గోడల మీద బొగ్గుతో కవిత్వం రాశారు. కటకంలో ఆ సన్నటి గీత చూసినప్పుడల్లా నాకు ఆ బొగ్గే గుర్తొస్తుంది. శాస్త్రం తెలిసినవాళ్లు నవ్వినా సరే.

చంద్రుణ్ని చూడటానికి చీకటి అక్కర్లేదు. నెబ్యులాలు చూసేవాళ్లలా అడవులు పట్టి పోనక్కర్లేదు. వీధి దీపం కిందైనా చాలు. కావలసింది కదలని గాలి. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పది దాకా వేడి కక్కుతుంది. ఆ ఆవిరిలో బిలాలు ఉడికే అన్నంలా కుతకుతమంటాయి. సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు చల్లితే కొంత నయం. "మొక్కలకు లేని నీళ్లు మేడకా" అనే మాట పడటానికి సిద్ధపడాలి. వరి కోతలప్పుడు దుమ్ము, పసుపు ఉడకబెట్టేటప్పుడు పొగ. ఒక దశమి రాత్రి టెలిస్కోప్ స్కూటర్ మీద కట్టుకుని అలీసాగర్ కట్ట దాకా పోయాను. పక్కన చెరువు, చుట్టూ చెట్లు, గాలి నిలిచిపోయింది. కోపర్నికస్ లోపలి గోడలకున్న మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. మళ్లీ పోలేదు. దోమలు.

మా నాయిన బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో ప్యాన్‌మన్. 1937లో నిజాం కాలంలో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసి, 2015 చివర మూతపడిన ఫ్యాక్టరీ అది. చెరుకు సీజన్‌లో రాత్రి షిఫ్టుకు సద్ది తీసుకుపోతే ప్యాన్ హౌస్‌లో ఆయన చిన్న గాజుపలక మీద పాకం చుక్క తీసి బల్బుకు ఎదురుగా పట్టి చూస్తుండేవాడు. పలుకు పడిందా లేదా. ముందే తొందరపడితే పాకమే, ఆలస్యమైతే రేగడి గడ్డే. "ఇప్పుడు" అనేవాడు. ఆ ఒక్క మాటకు వాల్వులు తిరిగేవి. నాకు పాకంలో ఏమీ కనబడేది కాదు. గాజులోంచి చూడటం కన్నా ఎప్పుడు చూడాలో తెలియడమే పని అని ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పే మనిషి కాదు.

అట్లా సమయం పట్టుకుని చూడటమే పనిగా పెట్టుకున్నవాళ్లు ఈ గడ్డ మీద ముందే ఉన్నారు. హైదరాబాద్‌లో నవాబు జఫర్ జంగ్ 1901లో తన సొంత డబ్బుతో 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీలో, చంద్రుడు ఒక్కో నక్షత్రాన్ని కప్పే క్షణాన్ని గడియారం పట్టి రాసుకునేవారు. చంద్రుడు లెక్క ప్రకారం నడుస్తున్నాడా లేదా తేల్చడానికి అది పనికొచ్చేది. మొన్నటి సంగతైతే, విక్రమ్ ల్యాండర్ దిగింది 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కి. నిజ శ్రావణ శుద్ధ సప్తమి. దిగే చోట అప్పుడే తెల్లవారింది. యంత్రాలు పనిచేయడానికి 14 రోజుల పగలు పూర్తిగా చేతికి రావాలని అట్లా కుదుర్చుకున్నారు. ఇస్రో అయినా తిథిని దాటిపోలేదు.

పండుగలతో పేచీ ఒక్కటే, వినాయక చవితి. పెటావియస్ అనే బిలం అడుగున నడిమి కొండ నుంచి గోడ దాకా కత్తితో కోసినట్టు పగులుంటుంది. అది బాగా కనబడేది తదియ, చవితుల్లోనే. భాద్రపద చవితి నాడేమో చంద్రుణ్ని చూస్తే నీలాపనిందలు. మా ఇంట్లో అక్షింతలు వేసుకుని శమంతకోపాఖ్యానం విన్నాక చూడొచ్చని నేను వాదిస్తాను. మేఘాలే ఏటా ఆ గొడవ తీరుస్తున్నాయి. మా పక్కింటి చాచా అయితే రంజాన్ ముందు రోజు సాయంత్రం మేడ ఎక్కి, "సాబ్, జర దుర్బీన్ తిప్పుండ్రి" అంటాడు. నెలవంక ఇద్దరం వెతుకుతాం. ఎంత వెతికినా మా చూపు సాక్ష్యానికి పనికిరాదు. హైదరాబాద్ నుంచి, నెలవంక కనబడిందో లేదో తేల్చే రుయత్-ఎ-హిలాల్ కమిటీ మాట వచ్చాకే ఆయన కిందికి దిగేది.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది అష్టమి. ఆ రోజు నాలుగు గంటల పాటు మూడు బిలాల అంచులు కలిసి చీకట్లో ఇంటూ గుర్తులాగా వెలుగుతాయి. తర్వాత చుట్టూ తెల్లవారి కలిసిపోతాయి. ఈ నెల రాత్రి 8కి కనిపించిందనుకోండి, చాంద్రమాసం 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు కనుక వచ్చే నెల అది మనకు పొద్దున పూట పడుతుంది, కొన్ని గంటల తేడాతో. అప్పటికి చంద్రుడు ఉదయించనే లేదు. నెల విడిచి నెల మన వంతు, అదీ మబ్బు లేకపోతే. ఇదంతా డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్‌లో ఏకరువు పెడితే, "బాపూ, నీకు పొద్దున ఎనిమిదిన్నరంటే నాకు రాత్రి పది కదా" అంది. ఆ మాట నాకు తట్టనే లేదు. వాళ్ల పిల్లవాడి చిన్న టెలిస్కోప్ బయటికొచ్చింది. ఇప్పుడు క్యాలెండర్‌లో కొన్ని అష్టముల పక్కన మా అమ్మాయి పేరు మొదటి అక్షరం ఉంటుంది.

ఇక బతుకమ్మ. ఎంగిలిపూలు అమావాస్య నాడు, సద్దుల బతుకమ్మ అష్టమి నాడు. తొమ్మిది రోజులూ పొద్దుపొడుపు గీత చంద్రుడి కుడి అంచు నుంచి నడిమికి నడిచే రోజులే. సాయంత్రం వాకిట్లో ఆడోళ్ల ఆట, పైన రోజుకో కొత్త గుంట తెల్లవారడం. కిందటేడు పిల్లలు పూలపళ్లేలు పక్కన పెట్టి మేడెక్కి వరుస కట్టారు. ఒక చిన్నది చూసి, "తాతా, కుందేలు తలకిందులైంది" అంది. అద్దం అట్లాగే చూపుతుంది బిడ్డా అన్నాను.

ఈ ఏడు కూడా సద్దుల నాడు మా మేడ తలుపు తీసే ఉంటుంది. మబ్బు పట్టకపోతే రండి. చెప్పులు కింద విడిచి, మెట్లు మెల్లగా ఎక్కండి. స్లాబు పాతది, గట్టిగా అడుగేస్తే చంద్రుడు కదులుతాడు.