చైతన్యపురి బండ

పిల్లలూ, మా మేనల్లుడికి కథలల్లటం సరదా. ఈమధ్య వాడొక రాజ్యాన్ని కల్పించాడు. ఆ రాజ్యంలో ఒక దేవుడున్నాడు. ఆయన చేతిలో ఆయుధం ఉండదు. ఎవరైనా తగువు పడి వస్తే ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్క ప్రశ్నే అడుగుతాడు. జవాబులు చెప్పుకునేసరికి వాళ్ళ కోపం కాస్తా చల్లారిపోతుంది.

"ఇలాంటి దేవుడు నిజంగా ఉండడు కదా, మామయ్యా?" అని వాడు నన్ను అడిగాడు.

"దేవుడు కాదు గాని, అటువంటి మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన శిష్యులు మన ఇంటికి దగ్గరలోనే నివసించారు. చూద్దువుగాని, పద," అన్నాను.

ఆదివారం ఉదయం ఎల్.బి.నగర్‌లో మెట్రో రైలెక్కాము. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళే దారిలో రెండవ స్టేషను చైతన్యపురి. అక్కడ దిగి, బస్సుల రొదనూ, కోచింగు సెంటర్ల బోర్డులనూ దాటి మూసీ వైపు నడిచాము. ఫణిగిరి కాలనీలో, ఇళ్ళ మధ్య ఒక రాళ్ళ గుట్ట ఉన్నది. దాని మీద కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్నది. అక్కడే ఒక పెద్ద బండ మీద పాతకాలపు అక్షరాలు కనిపించాయి.

"ఇది తెలుగు కాదే!" అన్నాడు వాడు.

"భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. మన తెలుగు అక్షరాలు బ్రాహ్మి నుంచి పుట్టినవే. విష్ణుకుండిన రాజుల కాలంలో, అంటే సుమారు 1,500 ఏళ్ళ కిందట, దీన్ని చెక్కారు. 1591లో చార్మినారు కట్టేనాటికే దీనికి వెయ్యేళ్ళు దాటాయి," అన్నాను.

ఈ శాసనంలో గోవిందరాజ విహారం ప్రస్తావన ఉన్నది. విహారం అంటే బౌద్ధ భిక్షువులు నివసించే చోటు. వారిలో పిండపాతికులనేవారు రోజూ భిక్షాపాత్రతో బయలుదేరి, ఇళ్ళవాళ్ళు పెట్టినదే తిని బతికేవారు. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ బౌద్ధులను ఆదరించాడు. తన రాణి కట్టించిన మరొక విహారానికి ఆయన గ్రామాలను దానమిచ్చిన సంగతి తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకుల వల్ల తెలిసింది.

"మరి బుద్ధుడు కూడా ప్రశ్నలు అడిగేవాడా?" అన్నాడు మేనల్లుడు.

నేను వాడికి కేసపుత్తం కథ చెప్పాను. ఆ ఊరికి గురువులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ఎవరి మతాన్ని వారు పొగుడుకుని, తక్కినవాటిని తిట్టి పోయేవారట. ఎవరిని నమ్మాలో తెలియక ఊరివాళ్ళు బుద్ధుణ్ణి అడిగారు. నలుగురూ అన్నారనిగాని, గ్రంథంలో ఉన్నదనిగాని, గురువు చెప్పాడనిగాని దేన్నీ నమ్మవద్దనీ, అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో స్వయంగా చూసుకోమనీ ఆయన చెప్పాడు.

"అయితే ఆయన మాటను కూడా పరీక్షించవచ్చునన్నమాట!"

"తప్పకుండా."

వాడు కొంచెంసేపు ఊరుకుని, కింద నుంచి ఒక గులకరాయి తీశాడు. "మామయ్యా, ఈ బండ మీద ఒక మూల నా పేరు గీయనా?" అన్నాడు.

కోప్పడదామనుకున్నాను. కాని వాడి దేవుడు గుర్తుకు వచ్చాడు. "నీ పేరు చూసి, నీ తరువాత వచ్చేవాడు ఏం చేస్తాడు?" అని అడిగాను.

"వాడి పేరు గీస్తాడు."

"ఆ తరువాత వచ్చేవాడు?"

వాడు జవాబు చెప్పలేదు. రాయిని మెల్లగా కింద పెట్టేశాడు.

గుడిలో గంట మోగింది. నరసింహస్వామి గుడీ, బౌద్ధ భిక్షువుల శాసనమూ ఒకే గుట్ట మీద ఉన్నాయి. పదిహేను వందల ఏళ్ళ ఎండకూ వానకూ నిలిచిన అక్షరాలు, మనం ఒక గులకరాయితో గీస్తే నిలవవు. పిల్లలూ, మీరు అక్కడికి వెళితే కళ్ళతో చూడండి, నోటుపుస్తకంలో రాసుకోండి. బండను మాత్రం ఉన్నదున్నట్టే ఉండనివ్వండి.