బస్సు పడని బాలింతలు - నిర్మల్ ఘాట్ దారి

మీరు కరీంనగర్‌లో పొద్దున్నే బస్సెక్కారనుకోండి. ఒళ్లో మూడు నెలల బిడ్డ. వెళ్లేది ఆదిలాబాద్ వైపు, పుట్టింటికో, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకో. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాకా దారి చక్కగానే సాగుతుంది. ఆర్మూరు దాటి, సోన్ దగ్గర గోదావరి వంతెన మీద గాలి తగిలితే ప్రాణం లేచొస్తుంది. అసలు పరీక్ష నిర్మల్ తర్వాత. మహబూబ్ ఘాట్ పాత రోడ్డు అడవిలో మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. చూసేవారికి కన్నులపండుగే. బస్సు పడనివారికి మాత్రం కడుపులో దేవడం, నోట్లో నీళ్లూరడం, చెమటలు! గుడిహత్నూరు దగ్గర ఉట్నూరు వైపు మళ్లితే మళ్లీ గుట్టలే.

"అవోమిన్ బిళ్ల వేసుకుందామంటే పాలిస్తున్నానే?" అని తల్లుల సందేహం. ఆ రోజుకు పాలు మాన్పించి డబ్బాపాలు పట్టమంటారు పెద్దలు. అంత పని అక్కర్లేదు.

అవోమిన్‌లో ఉండేది ప్రోమెథజీన్. ఈ జాతి మందులు తల్లిపాలలోకి కొద్దిగానే చేరతాయి. నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు, తల్లి ప్రయాణం కోసం ఎప్పుడో ఒక బిళ్ల వేసుకున్నందువల్ల సాధారణంగా హాని ఉండదు. నెలలోపు పసికందు అయినా, నెలలు నిండకుండా పుట్టినా, ఊపిరి ఇబ్బంది ఉన్నా డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. కాన్పయిన తొలి వారాల్లో తరచుగా వాడితే పాలు తగ్గవచ్చు కూడా. జలుబు బిళ్లలతో కలిపి అసలే వద్దు. వాటిలోనూ నిద్ర తెప్పించే మందులుంటాయి. బిడ్డ మామూలుకన్నా మత్తుగా ఉండి పాలు తాగకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రోమెథజీన్ సిరప్‌ను మాత్రం రెండేళ్లలోపు పిల్లలకు పట్టనే కూడదు, ఊపిరి ఆగే ప్రమాదముంది.

బిడ్డకు కడుపునిండా పాలిచ్చి, బయల్దేరే ముందు గంటా రెండు గంటలుండగా బిళ్ల వేసుకోండి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది.

నన్నడిగితే, పాలలో చేరే మందుకన్నా తల్లికి పట్టే నిద్రే ఎక్కువ భయం. ఘాట్ మలుపులో మీరు తూగితే ఒళ్లో బిడ్డ జారిపోతుంది. అందుకని అత్తగారో, తమ్ముడో పక్కనుంటేనే బిళ్ల మాట తలపెట్టండి, బిడ్డను వారికివ్వండి. ఆ రాత్రి బిడ్డను మీ పక్కలో పడుకోబెట్టుకోవద్దు.

చాలామందికి బిళ్ల లేకుండానే సరిపోతుంది. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డునే చూడాలి. చెవిలోపలి అవయవం కదులుతున్నామంటుంది, ఒళ్లోకి చూసే కన్ను లేదంటుంది. వాంతికి మూలం ఆ తగాదాయే. తలొంచి పాలివ్వడమూ పుస్తకం చదివినట్టే. ఖాళీ కడుపుతో వెళ్లకండి, రెండు ఇడ్లీలు తినండి. నిర్మల్ బస్టాండులో బస్సు ఆగినప్పుడు దిగి, మొహం కడుక్కుని, నీడన కూర్చుని బిడ్డకు పాలిచ్చి, ఆ తర్వాత ఘాట్ ఎక్కండి.